చెరిపేయాలన్న రికార్డు ఎక్కడెక్కడ మిగిలింది: ఒక జువెనైల్ కేసు అధ్యయనం

2023 వేసవిలో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. సంచిలోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది. అయిదేళ్ల కిందట, బాలల మీది కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ అబ్బాయి విషయంలో ఇచ్చిన ఉత్తర్వు అది. పాడైపోకుండా లామినేషన్ చేయించి దాచింది. "ఇది చూపిస్తే సరిపోతుందనుకున్నాం మేడమ్. చూపించాకే ఉద్యోగం పోయింది" అంది.

అబ్బాయి పక్కన నిలబడే ఉన్నాడు. కూర్చోమని రెండుసార్లు చెప్పాక కూర్చున్నాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు రెండూ దాటి, తాత్కాలిక ఎంపిక జాబితాలో పేరు చూసుకున్నవాడు. నెలన్నర తర్వాత షోకాజ్ నోటీసు అందింది. అటెస్టేషన్ ఫారంలో నిజం దాచాడని, ఎంపికను ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలని అందులో ఉంది.

నేను బాలల కేసులు చూసే న్యాయవాదిని. ఈ కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. అబ్బాయి ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. చట్టం కోరేదీ అదే, నేను అతనికి ఇచ్చిన మాట కూడా అదే.

ముందు అసలు సంగతి. 2017 సెప్టెంబరులో అతనికి పదహారేళ్ల మూడు నెలలు. ఊళ్లో అతనికంటే పెద్దవాళ్లు ఇద్దరు ఎవరిదో మోటారు సైకిలు తీసుకుని బయల్దేరితే వెనక ఎక్కి కూర్చున్నాడు. బండి తమది కాదని అతనికి తెలుసా? తెలుసు. ఆ మాట నాతో మొదటి రోజే ఒప్పుకున్నాడు. మర్నాడు ముగ్గురూ దొరికారు. దొంగతనం కింద, అప్పటి భారతీయ శిక్షాస్మృతి 379వ సెక్షన్‌తో కేసు నమోదైంది. ఎఫ్‌ఐఆర్‌లో పెద్దవాళ్లు ఏ1, ఏ2. ఇతను ఏ3.

బాలుడి మీద ఎఫ్‌ఐఆర్ ఎలా కట్టారని చదివేవారికి సందేహం రావచ్చు. 2016 నాటి జువెనైల్ జస్టిస్ నమూనా నియమాల్లో 8వ నియమం ప్రకారం, నేరం ఘోరమైనది కాకపోతే బాలుడి మీద ఎఫ్‌ఐఆర్ ఉండకూడదు. సమాచారాన్ని జనరల్ డైరీలో రాసుకుని, బాలుడి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపాలి. అయితే అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. పెద్దవాళ్లతో కలిసి చేసినట్లు ఆరోపణ ఉంటే ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు. ఈ కేసు ఆ మినహాయింపులోకి వచ్చింది. తర్వాత జరిగిన నష్టమంతటికీ మూలం ఆ ఒక్క మినహాయింపేనని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

పెద్దవాళ్ల కేసు మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లింది. ఇతని విషయం విడదీసి బోర్డుకు పంపారు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. విచారణ రెండు వాయిదాల్లో ముగిసింది. అబ్బాయి తప్పు ఒప్పుకున్నాడు. 2018 మార్చిలో 18వ సెక్షన్ కింద మందలించి, తండ్రికి సలహా చెప్పి ఇంటికి పంపారు. పెద్దవాళ్ల కేసు మాత్రం మరో ఏడాది సాగి, బండి యజమానితో రాజీ కుదరడంతో ముగిసింది. రాజీకి నిర్దోషిగా విడుదలైనంత ఫలితం ఉంటుంది. బండి తీసినవాళ్లు కాగితం మీద నిర్దోషులు. వెనక కూర్చుని, అడిగిన వెంటనే నిజం చెప్పిన పిల్లవాడి ఉత్తర్వులో మాత్రం తప్పు చేసినట్లు నిర్ధారణ ఉంది. ఆ రోజు అతని పక్కన న్యాయవాది నిలబడి ఉంటే ఈ తేడా వచ్చేది కాదు. ఉచిత న్యాయసహాయం అందేలా చూడడం బోర్డు విధుల్లోనే ఉంది. అది కాగితం మీదే ఆగిపోయింది.

బోర్డు ఉత్తర్వును ఆ లామినేషన్ మెరుపులోంచే మూడుసార్లు చదివాను. ఒకటిన్నర పేజీ. మందలింపు ఉంది, హెచ్చరిక ఉంది, పూచీకత్తు రద్దు ఉంది. ఉండవలసిన ఒక్క వాక్యం లేదు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది: ఈ చట్టం కింద విచారణ జరిగిన బాలుడికి, మరే చట్టంలో ఏమున్నా సరే, ఆ నేర నిర్ధారణ వల్ల ఎలాంటి అనర్హతా అంటదు. రెండోది: అప్పీలు గడువు లేదా నియమాల్లో చెప్పిన సమంజసమైన గడువు ముగిశాక ఆ రికార్డులను నాశనం చేయాలని బోర్డు పోలీసులకు ఆదేశం ఇవ్వాలి. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి. చట్టం 3వ సెక్షన్‌లోని మూలసూత్రాల్లో కొత్త జీవితం మొదలుపెట్టే అవకాశం ఒకటి. ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప బాలుడి పాత రికార్డులన్నీ చెరిపేయాలని అక్కడే రాసి ఉంది. పదహారేళ్లు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలాగే విచారణ ఎదుర్కొని, బాలల కోర్టులో దోషిగా తేలినవారికి మాత్రం ఈ రక్షణ లేదు. మా వాడిది గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉన్న నేరం. చట్టం దృష్టిలో చిన్న నేరం. కాబట్టి ఆ మినహాయింపుతో మాకు పని లేదు.

రికార్డు నాశనం చేయాలన్న ఆ ఒక్క వాక్యం ఉత్తర్వులో ఉండి ఉంటే ఏమయ్యేది? స్టేషన్‌కు ఒక ఆదేశం వెళ్లేది. ఎవరో ఒకరు ఒక తేదీ వేసుకునేవారు. వాక్యం లేదు కాబట్టి ఎవరికీ ఆ పని పడలేదు. తర్వాత నేను చూసిన ఇలాంటి ఉత్తర్వుల్లో చాలావాటిలో ఈ వాక్యం లేదు. ఎవరి దురుద్దేశమూ కాదు. బోర్డు ముందున్న అచ్చు నమూనాలో లేని వాక్యం ఉత్తర్వులోకి రాదు.

ఇక అటెస్టేషన్ ఫారం. అందులో ఆ గడి ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, ప్రాసిక్యూట్ చేశారా, నిర్బంధంలో ఉంచారా, మీకు శిక్ష పడిందా అని వరుసగా ప్రశ్నలు. కింద హెచ్చరిక: తప్పుడు సమాచారం ఇచ్చినా, సమాచారం దాచినా అనర్హులవుతారు. పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగినవాటిని రాయనక్కర్లేదన్న మాట ఎక్కడా లేదు. అబ్బాయి తన కోచింగ్ మాస్టారిని అడిగాడు. "బోర్డు కేసు కేసు కిందకి రాదు నాయనా, లేదు అని రాయి" అన్నారాయన. రాశాడు. నాలుగు గళ్లలోనూ "లేదు", "లేదు", "లేదు", "లేదు". నాలుగోసారి రాసేటప్పుడు కలం గట్టిగా నొక్కినట్లుంది, సిరా కాగితం అవతలికి దిగింది.

అతను అబద్ధమాడాడా? చెరిపేస్తాం, నువ్వు కొత్తగా మొదలుపెట్టు అని చట్టం చెప్పింది. అతను ఆ మాట నమ్మి రాశాడు. "ఉంది" అని రాసి ఉంటే నిజాయితీపరుడని మెచ్చుకుని ఉద్యోగం ఇచ్చేవారా? నా అనుభవంలో అలా రాసినవాళ్లకూ నోటీసులు వచ్చాయి, కాకపోతే వేరే కారణం మీద. చట్టం అడగకూడదన్న ప్రశ్నను ఫారం అడుగుతున్నప్పుడు, పిల్లవాడు ఏ జవాబు రాసినా ఇరుక్కుంటాడు.

షోకాజ్ నోటీసుకు జవాబులో ముందుగా 74వ సెక్షన్ పెట్టాను. వార్తల్లో బాలుడి పేరు రాయకూడదన్న నిషేధంగానే ఈ సెక్షన్‌ను చాలామంది గుర్తుపెట్టుకుంటారు. రెండో ఉపసెక్షన్ చూడరు. ముగిసిన కేసులో బాలుడి రికార్డును ప్రవర్తన ధ్రువపత్రం కోసం గానీ మరో పని కోసం గానీ పోలీసులు బయటపెట్టకూడదని అందులో ఉంది. 2021 సవరణ పెండింగు కేసులను కూడా ఇందులోకి తెచ్చింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఉద్యోగం ఇవ్వబోతున్న శాఖకు ఆ వివరం అందడమే చట్టవిరుద్ధం. అలా అందిన వివరాన్ని పట్టుకుని అతను దాచాడనడం ఎలా కుదురుతుంది?

జవాబు పనిచేయలేదు. మూడు వారాల్లో ఎంపిక రద్దయింది. రద్దు ఉత్తర్వులో ఒక వాదన నన్ను నిజంగానే ఆలోచనలో పడేసింది. నమూనా నియమాల్లో 14వ నియమం ప్రకారం నేర నిర్ధారణ రికార్డును అప్పీలు గడువు ముగిసేవరకు లేదా ఏడేళ్ల వరకు భద్రంగా ఉంచి, ఆపైన ఉంచకుండా నాశనం చేయాలి. 2018 నుంచి ఏడేళ్లంటే 2025. శాఖ ఆ రికార్డు చూసింది 2023లో. కాబట్టి రికార్డు ఇంకా బతికే ఉంది, దాన్ని చూడడం తప్పు కాదు అన్నారు.

ఆ ఏడేళ్లు ఎప్పుడు వస్తాయో చూడండి. పదహారేళ్ల పిల్లవాడికి ఏడేళ్లు కలిపితే ఇరవైమూడు. కాలేజీలో చేరేది, పాస్‌పోర్టు తీసుకునేది, మొదటి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేది, కానిస్టేబుల్ పరీక్షకు వయసు సరిపోయేది, అన్నీ ఆ ఏడేళ్లలోనే. రికార్డు పోవడం ఎప్పుడు అవసరమో అప్పుడే అది ఉంటుంది. అవసరం తీరిపోయాక పోతుంది. నియమంలోని "లేదా" అన్న మాటకు అర్థమూ తేలదు. అప్పీలు గడువు ముప్పై రోజులు. ముప్పై రోజులా, ఏడేళ్లా? ఇంత దూరం ఉన్న రెండు గడువులను ఒక్క "లేదా"తో కలిపి వదిలేస్తే, రికార్డు చేతిలో ఉన్న అధికారి ఎప్పుడూ పెద్దదాన్నే ఎంచుకుంటాడు.

అయినా ఆ వాదనకు జవాబుంది. హైకోర్టులో మా రిట్ పిటిషన్‌కు అదే ప్రాణమైంది. భద్రంగా ఉంచడం వేరు, బయటపెట్టడం వేరు. 14వ నియమం ఎంతకాలం ఉంచాలో చెబుతుంది. 74వ సెక్షన్ ఎవరికీ చూపకూడదని చెబుతుంది. ఏడేళ్లు అల్మారాలో ఉండవచ్చు గానీ, ఆ ఏడేళ్లలో ఒక్కరోజు కూడా తాళం తీసి ఉద్యోగమిచ్చే శాఖకు చూపే అధికారం లేదు.

తీర్పులు మా వైపే ఉన్నాయి. చిన్నతనంలో, చిన్న విషయంలో నమోదైన కేసును దాచినా, యజమాని తన విచక్షణతో దాన్ని క్షమించవచ్చని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో ఇంకా ముందుకెళ్లింది. మైనరుగా ఉన్నప్పటి నేరంలో దోషిగా తేలి ఉన్నా సరే, దాన్ని ఉద్యోగానికి అడ్డంకిగా చూపలేరని చెప్పింది. 2021లో అలహాబాద్ హైకోర్టు బాల్యంలో ఎదుర్కొన్న కేసు వివరాలు వెల్లడించమని అభ్యర్థిని అడగడమే గోప్యత హక్కుకు భంగమంది. ఈ మూడో తీర్పే మాకు అసలు అండ. ఎందుకంటే మొదటి రెండూ జవాబు గురించి మాట్లాడితే, ఇది ప్రశ్ననే తప్పుపట్టింది.

రిట్ వేసిన రోజుల్లోనే బోర్డు ముందూ ఒక పిటిషన్ పెట్టాం. 2018లో రాయని వాక్యాన్ని ఇప్పుడు రాయమని అడిగాం. బోర్డు సభ్యులు మారిపోయారు, మేజిస్ట్రేటూ కొత్తవారే. ఆవిడ పాత ఫైలు తెప్పించి చదివి, మమ్మల్ని ఎక్కువ మాట్లాడనివ్వకుండానే అర్థం చేసుకున్నారు. రికార్డును వెంటనే సీలు వేసిన కవరులో పెట్టాలని, 2025 మార్చి తర్వాత నాశనం చేసి నివేదిక ఇవ్వాలని పోలీసులను ఆదేశించారు. రెండు పేరాల ఉత్తర్వు. ఆ రెండు పేరాల కోసం ఒక కుటుంబం అయిదు నెలలు తిరిగింది.

హైకోర్టు రద్దు ఉత్తర్వును కొట్టేసి, బాల్యంలోని కేసును లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. శాఖ అప్పీలుకు వెళ్లలేదు. అబ్బాయి తర్వాతి బ్యాచ్‌తో శిక్షణకు వెళ్లాడు. ఏడాదికి పైగా సీనియారిటీ పోయింది, దాని గురించి ఎవరూ ఏమీ చేయలేదు. తన బ్యాచ్‌వాళ్లు తనకంటే ముందు ఎందుకున్నారో అతను ఎవరికీ చెప్పుకోలేడు. చెప్పాలంటే చెరిపేయాల్సిన సంగతే చెప్పాలి.

ఇక్కడితో కేసు ముగిసిందనుకున్నాను. అసలు సమస్య ఇంకా చేతికందలేదని 2025లో తెలిసింది.

ఏడేళ్లు పూర్తయ్యాక నాశనం జరిగిందో లేదో చూడమని స్టేషన్‌కు లేఖ రాశాం. రమ్మన్నారు, వెళ్లాను. స్టేషన్ రైటర్ మర్యాదస్తుడు. కవరు తగలబెట్టినట్లు పంచనామా చూపించారు. తర్వాత ఆ ఏడాది క్రైం రిజిస్టరు తీశారు. పొడుగాటి పుస్తకం, మూలలు నలిగి మెత్తబడ్డాయి. ఆ క్రైం నంబరు ఎదుట మూడు పేర్లున్నాయి, మూడో పేరు మీద ఎర్రసిరా గీత. గీత కింద పేరు స్పష్టంగా చదవవచ్చు. "పేజీ చించడానికి వీల్లేదు మేడమ్, మిగతా ఇద్దరిదీ ఇక్కడే ఉంది" అన్నారు. న్యాయమైన మాటే. కంప్యూటర్ గురించి అడిగాను. స్టేషన్ స్థాయిలో నమోదు మాత్రమే చేయగలమని, తీసేయడం తమ చేతుల్లో లేదని, పైకి రాశామని చెప్పారు. దేశంలోని పోలీసు స్టేషన్లను కలిపే నెట్‌వర్కుకు 2009లో ఆమోదం లభించింది. అయినా, ఆ తర్వాత ఆరేళ్లకు వచ్చిన ఈ చట్టం ఇప్పటికీ రికార్డు అంటే ఒక అల్మారాలోని ఒక ఫైలు అనుకుంటోంది. నాశనం చేయాలన్న మాటకు కంప్యూటర్ విషయంలో అర్థమేమిటో సెక్షన్‌లో గానీ నియమంలో గానీ ఒక్క ముక్క లేదు.

అంతకంటే పెద్దది మరొకటి. పెద్దవాళ్ల ఛార్జిషీటులో ఇతని పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, పక్కన బ్రాకెట్లో జువెనైల్ అని పెట్టారు. మేజిస్ట్రేటు తీర్పు మొదటి పేరాలో ఛార్జిషీటు సారాంశంతో పాటు అవన్నీ యథాతథంగా వచ్చేశాయి. ఆ తీర్పు కోర్టుల వెబ్‌సైటులో ఉంది. ఎవరైనా చదవవచ్చు. బోర్డులో ఫైలు లేదు, స్టేషన్‌లో కవరు బూడిదైంది, తనది కాని కేసు తీర్పులో మాత్రం అతని పేరు పదిలంగా ఉంది. 24వ సెక్షన్ బోర్డు చేత పోలీసులను ఆదేశింపజేస్తుంది, బాలల కోర్టు చేత తన రిజిస్ట్రీని ఆదేశింపజేస్తుంది. పెద్దవాళ్ల కేసు నడిచిన కోర్టు ఊసే లేదు.

దీనికి 74వ సెక్షన్ ఆధారంగా ఆ కోర్టులో దరఖాస్తు పెట్టాం. 2020 నాటి శిల్పా మిత్తల్ తీర్పులో సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పులో బాలుడి పేరు బయటపడిందని గమనించి దాన్ని తొలగించమని ఆదేశించింది. ఘోరమైన నేరం అంటే ఏమిటో తేల్చిన తీర్పుగా అది ప్రసిద్ధం. చివర్లో ఉన్న ఈ చిన్న ఆదేశం మాత్రం మా పనికి బంగారంలా ఉపయోగపడింది.

ఈ కేసు నడిపాక చట్టంలో ఏం మారాలో నాకు చాలా స్పష్టంగా కనిపిస్తోంది. అన్నింటికంటే ముందు, రికార్డు చెరిపే బరువు పిల్లవాడి మీద ఉండకూడదు. విచారణ ముగించిన రోజే, అదే ఉత్తర్వులో, నాశనం చేయాల్సిన తేదీ, ఏ ఏ కార్యాలయాల్లో ప్రతులున్నాయి, ఎవరు చేసి ఎవరికి నివేదిక ఇవ్వాలి అన్నవి ఉండాలి. అడిగితే చెరిపే పద్ధతిలో అడగడం తెలిసినవాళ్లకే న్యాయం అందుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో, అర్హమైన పాత కేసులను ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే కంప్యూటర్ ద్వారా మూసి ఉంచే చట్టం తెచ్చింది. మన దగ్గర చట్టంలోని మాట అంతకంటే ఉదారమైనది. అమలుచేసే యంత్రాంగమే లేదు. చిన్న నేరాలకు ఏడేళ్లు తీసేసి అప్పీలు గడువునే మిగల్చాలి. ప్రతి నియామక ఫారంలోనూ పద్దెనిమిదేళ్లలోపు విషయాలు రాయనక్కర్లేదన్న వాక్యం అచ్చువేయాలి. దీనికి చట్టసవరణ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. పెద్దవాళ్లతో కలిసిన కేసుల్లో ఛార్జిషీటులో బాలుడికి పేరు బదులు ఒక అక్షరం వాడాలి. మాటల సంగతి కూడా చెప్పాలి. బాలల విషయంలో నిందాపూర్వకమైన పదాలు వాడకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. రికార్డు చెరిపే 24వ సెక్షన్ మాత్రం పెద్దవాళ్ల చట్టంలోని నేర నిర్ధారణ అన్న మాటనే వాడింది. దానివల్ల నిర్ధారణ జరగకుండా ముగిసిన కేసుల రికార్డు గతేమిటన్న ప్రశ్న కూడా పుట్టింది. తప్పు చేయలేదని తేలిన పిల్లవాడి రికార్డు, తప్పు చేసినవాడి రికార్డుకంటే ఎక్కువకాలం ఉండడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

అబ్బాయితో పాటు పట్టుబడిన ఏ2 నన్ను అప్పుడప్పుడు వెంటాడుతాడు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. కేసు రాజీతో పోయినా స్టేషన్ పుస్తకంలో పేరు మీద ఎర్రగీత కూడా లేదు. పెద్దవాళ్ల రికార్డు చెరిపే సాధారణ చట్టం మనకు లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ అనర్హతను తొలగిస్తుంది, కాగితాన్ని తొలగించదు. 2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం వేలిముద్రల వంటివాటిని 75 ఏళ్లు ఉంచమంటుంది. అంతకుముందు శిక్ష పడనివారు నిర్దోషులుగా తేలితే నాశనం చేయమంటుంది గానీ, ఎఫ్‌ఐఆర్‌లోని పేరు గురించి మాట్లాడదు. పదిహేడేళ్ల పదకొండు నెలలకూ పద్దెనిమిదేళ్ల ఒక నెలకూ మధ్య ఇంత లోతైన గొయ్యి ఉండడం సరికాదు. ఒకసారి, చిన్న నేరంలో, ఆపైన కొన్నేళ్లు ఏ కేసూ లేకుండా బతికినవారికి ఒక దారి ఉండాలి. ఆ వాదన మరో రోజు వివరంగా చేయాల్సిందే.

పేరు తొలగించాలన్న మా దరఖాస్తు మీద కోర్టు సానుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. వెబ్‌సైటులో మార్పు ఇంకా జరగలేదు, సాంకేతిక విభాగానికి లేఖ వెళ్లింది. కిందటి నెల ఆ తల్లి మళ్లీ వచ్చింది. సంచిలో అదే లామినేషన్ కాగితం. "ఇక దీంతో పని లేదుగా మేడమ్, చించెయ్యమంటారా?" అని అడిగింది. ఆ ఉత్తర్వు అసలు ప్రతి ఇప్పుడు బోర్డులో లేదు. రేపు ఎవరైనా పాత తీర్పు చూపించి ప్రశ్నిస్తే, అతను అప్పటికి బాలుడని, విషయం ముగిసిపోయిందని చెప్పే కాగితం అదొక్కటే.

ఉంచమన్నాను. ఆవిడ దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లింది.